నీడపట్టు

పీట మీద నుంచి లేవడానికి నీలా మూడుసార్లు ప్రయత్నించింది. మొదటిసారి అరచేతులు నేలకు ఆనించి లేవబోయి మళ్ళీ కూలబడింది. రెండోసారి నల్లా పైపు పట్టుకుంది. పైపు కదిలింది గానీ మనిషి లేవలేదు. మూడోసారి చేతులు మోకాళ్ళ మీద పెట్టి, అక్కడి నుంచి తొడల మీదికి, తొడల మీద నుంచి నడుము మీదికి, తన ఒంటినే నిచ్చెన చేసుకుని ఎక్కినట్టు ఒక్కో చెయ్యీ జరుపుకుంటూ లేచింది. కడిగిన గిన్నెలు కిందనే ఉన్నాయి. తియ్యాలంటే మళ్ళీ వంగాలి. వాటి వంక చూసి ఊరుకుంది.

పద్దెనిమిదేళ్ళ పిల్ల.

గడప ఇవతల నిలబడి సాలి ఇదంతా చూసింది. "వచ్చి నీ బిడ్డను తోల్కపో" అని సూర్యాపేట నుంచి కబురు అందినప్పటి నుంచి ఆమె మనసు వంద చెడ్డ తోవలు తొక్కింది. దాని తీరే అంత. మొగుడి లారీ ఆలస్యమైతే బోల్తా పడ్డట్టే, కుక్క మొరిగితే గుడిసెలో పాము దూరినట్టే. కానీ ఆ వంద తోవల్లో ఏ ఒక్కదాంట్లోనూ బిడ్డ ఇలా తన తొడలు తానే ఎక్కుతూ కనిపించలేదు.

"సూసినవు గద," అన్నది ఇంటావిడ లక్ష్మీకాంతమ్మ. "నెల దినాల సంది ఇదే నాటకం. పీట మీద కూసుంటే లేవది, లేస్తే కూసోది. నేనేమన్న కొట్టిన్ననుకుంటవేమో, అడుగు దాన్నే."

"అయ్యో, గదేం మాటమ్మా."

"నాలుగేండ్లు నీడపట్టున పెట్టి సాదినం. ఎదిగిన పిల్ల, రేపు మాటొస్తే మా మీదికొస్తదని గడప దాటనియ్యలె. మిద్దె మీద బట్టలారేసుడు సుత మా ఇంటాయన చేతనే చేయించిన. ఊరంత నవ్విండ్రు."

సాలి రెండు చేతులూ జోడించింది. నీడపట్టున అన్న మాటకే జోడించింది. నాలుగేళ్ళ కింద బిడ్డను ఇక్కడ ఇంటిపనికి వదిలిపెట్టిన రోజున ఆమె అడిగిన వరం అదొక్కటే. మిర్యాలగూడ బియ్యం మిల్లు కల్లంలో తను ఎండకు కాలినట్టు బిడ్డ కాలొద్దు, అంతే. వరం దొరికింది. కడిగిన గిన్నెల పక్కన నీలా తెల్లగా, గంప కింద మొలిచిన మొలకలా నిలబడి ఉంది.

బస్టాండు దాకా నడిచేసరికి ముప్పావుగంట పట్టింది. నీలా అటూ ఇటూ ఊగుతూ బాతులా నడుస్తోంది. పల్లీలమ్మే ఆమె ఒకతె ఎగాదిగా చూసి, "ఎన్నో నెల?" అని అడిగింది. సాలి బిడ్డను గోడ పక్కకు లాగి, గొంతు తగ్గించి అడిగింది.

"నిజం చెప్పు. ఆ ఇంట్ల ఎవడన్న..."

"యాడీ!" లంబాడీ మాటలో అమ్మను పిలుస్తుంటేనే నీలా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీకు ఎప్పుడు గదే ఆలోచన. ఏం లేదు. బొక్కలు గుంజుతున్నయ్. తుంటికాడ ఎవరో సుత్తెతోని కొట్టినట్టుంటది. గంతే."

"ఒట్టు?"

"నీ మీదొట్టు."

"నా మీద ఎయ్యకు," అన్నది సాలి గభాలున. ఎందుకన్నదో బిడ్డకు అర్థం కాలేదు.

తెల్లవారి సాలి ఎప్పటిలాగే చీకటితో లేచి, మిల్లు ప్రహరీ వెనక కాలువగట్టు తుమ్మల మాటుకు పోయింది. గుడిసెకూ ఆ తుమ్మలకూ మధ్య నడక ఈ మూడు నెలల్లో ఆమెకు బరువైపోయింది. ఇవాళ కూడా రక్తం పడింది. నల్లగా కొంత, ఎర్రగా కొంత. మడమతో మట్టి తీసి కప్పింది. వేడి చేసి ఉంటుంది. పొయ్యి కాడ వేడి, కల్లంలో వేడి, వేడి కాకపోతే ఏముంటుంది? బిడ్డకు తుమ్ము వస్తే దేవతలందరికీ మొక్కే మనిషి, దీన్ని గురించి మాత్రం ఒక్క దేవతకూ చెప్పలేదు. చెబితే అది ఉన్నట్టు. కట్టుకున్నది ఎర్ర పేటియ, లంబాడోళ్ళ అద్దాల లంగా. ఎరుపు మీద ఎరుపు ఎవరికి కనబడుతుంది?

కల్లంలోకి వచ్చేసరికి ఉడకబెట్టిన వడ్లు బండ్లలో తెచ్చి సిమెంటు నేల మీద గుమ్మరిస్తున్నారు. పుల్లటి వాసనతో ఆవిరి లేస్తోంది. పదిమంది ఆడోళ్ళు వరసగా నిలబడి, పాదాలు ఈడ్చుకుంటూ వడ్లలో సాళ్ళు తీస్తూ పోతారు. ఆ చివర చేరి తిరిగి, సాలు గట్టు మీద మళ్ళీ సాలు తీస్తూ వస్తారు. పొద్దు నెత్తిమీదికొచ్చే దాకా అదే నడక. మధ్య మధ్య గుమస్తా సుధాకర్ వచ్చి ఒక గింజ పంటి కింద పెట్టి చూస్తాడు. సరిగ్గా ఆరితే టక్కున విరుగుతుంది. ఆరకపోతే బియ్యం ముక్కిపోతాయి, ఎండ మించితే గింజ లోపలే పగిలి మిల్లులో నూకవుతుంది. పైకి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి.

"బిడ్డ వచ్చిందంట గద," అన్నది పక్క సాలులోని చంద్రమ్మ. "ఏమైందంట?"

"లేస్తలేదు చంద్రమ్మా. నాకేదో పెద్దదే అనిపిస్తుంది."

"నీకు దోమ కుట్టినా పెద్దదే. కోదాడకు తోల్కపో. ఆడ విజయలక్ష్మి అని డాక్టరమ్మ ఉన్నది, మా మరదలికి నడుమునొప్పి రెండు సూదులతోనే తక్కువైంది. అమ్మ జర ఆంధ్ర మాట మాట్లాడతది గని చెయ్యి మంచిది."

"తక్కువైందా, నిజంగ?"

"ఖతం అయింది. ఇప్పుడు ఉరుకుతుంది, మా తమ్ముడు ఎనక పడలేకపోతుండు."

సాళ్ళలో నవ్వులు లేచాయి. సాలి కూడా నవ్వింది. నవ్వితే కడుపులో ఎడమ పక్క ఎవరో పిడికిలి బిగించినట్టయింది. అది వదిలేదాకా సాలు మధ్యలో నిలబడిపోయి, పాదం కింద వడ్లు సర్దుతున్నట్టు నటించింది.

కోదాడ డాక్టరమ్మ నీలాను బల్ల మీద పడుకోబెట్టి, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కింది. నీలా కెవ్వుమంది. పక్కటెముకల మీద నొక్కింది. మళ్ళీ కెవ్వుమంది. డాక్టరమ్మ నొక్కుతూనే ప్రశ్నలు అడిగింది. ఎక్కడ పనిచేశావు, పొద్దున ఎన్నింటికి లేస్తావు, ఏం తింటావు, బయటికి ఎప్పుడు వెళ్తావు?

"వాకిలి ఊడ్వనీకి పోతుంటి," అన్నది నీలా.

"ఎన్నింటికి?"

"చీకటితోని."

"తర్వాత?"

"తర్వాత లోపలనే."

"నాలుగేళ్ళూనా?"

నీలా తలూపింది. డాక్టరమ్మ నొక్కడం ఆపింది. తర్వాత సాలి వైపు తిరిగింది. "ఎముకలు మెత్తబడిపోయాయమ్మా. డి విటమిన్ అని ఒకటుంటుంది. అది తిండిలో అంతగా దొరకదు, ఒంటికి ఎండ తగిలితేనే ఒళ్ళు దాన్ని తయారు చేసుకుంటుంది. ఈ పిల్లకి నాలుగేళ్ళుగా ఎండ పొడే లేదు. ఎవరు పెట్టారు దీన్ని ఆ చీకట్లో?"

"నేనే," అన్నది సాలి. "నీడపట్టున ఉంటదని."

డాక్టరమ్మ కలం ఆగింది. తిడుతుందనుకుంది సాలి. తిట్టలేదు. "సూది వేస్తాను. బిళ్ళలు రాస్తాను. రోజూ అరగంట సేపు కాళ్ళకీ చేతులకీ ఎండ తగిలేలా కూర్చోబెట్టు. పదిహేను రోజులకి మళ్ళీ తీసుకురా. నయమైపోతుంది."

నయమైపోతుంది అన్నా సాలి లేవలేదు. అడగాలా వద్దా అని కొంగు చివర మెలిపెట్టింది. పొద్దున తుమ్మల మాటున చూసింది కళ్ళ ముందు కదిలింది. చివరికి బిడ్డ మీద పెట్టి అడిగింది.

"పుండు గిట్ల కాదు గదమ్మా? రాచపుండు. పేగులల్ల అయ్యేది."

"ఎముకల నొప్పికి పేగుల్లో పుండు ఎందుకొస్తుంది? ఎవరికుంది మీ ఇళ్ళల్లో?"

"మా మామ ఒకాయనకు ఉండె. భద్రు మామకు. రక్తం పోయి పోయి సచ్చిపోయిండు."

"నీకేం లేదుగా?"

"నాకేముంటది. కల్లంల వడ్లు తొక్కేదాన్ని, గట్టి మనిషిని."

"దినమంతా ఎండలోనేనా? అయితే నీ ఒంట్లో డి విటమిన్‌కి కొదవుండదులే," డాక్టరమ్మ చీటీ రాస్తూ నవ్వింది. "ఎండ బాగా తగిలేవాళ్ళకి ఆ పేగు క్యాన్సర్ కూడా తక్కువని అమెరికాలో ఎవరో రాశారు. అది ఇంకా తేలలేదనుకో."

సాలి ముందుకు వంగింది. "ఎండకు పేగు పుండు తక్కువనా అమ్మా?"

"తక్కువే అంటున్నారు. ఇదుగో చీటీ. తర్వాత ఎవరమ్మా?"

తలుపు దాకా వెళ్ళి సాలి వెనక్కి తిరిగి దండం పెట్టింది. అప్పటికే డాక్టరమ్మ ఇంకో బిడ్డ నాలుక చూస్తోంది.

హుజూర్‌నగర్ మీదుగా తిరిగొచ్చే బస్సులో కిటికీ లోంచి ఎండ ఒళ్ళోకి పడుతుంటే సాలి పక్కకు జరగలేదు. పైగా కొంగు తీసి, కడుపు మీద ఎండ పడేలా కూర్చుంది. మూడు నెలల తర్వాత ఆమె భయం మొదటిసారి కాస్త కునుకు తీసింది. డాక్టరమ్మ నోటి మాట. జ్వరం తక్కువైతది, దగ్గు తక్కువైతది, చంద్రమ్మ మరదలికి నడుమునొప్పి తక్కువైంది. ఎండకు పేగు పుండు తక్కువైతది. సూది లేదు, చీటీ లేదు, ఎవరికీ చెప్పే పనే లేదు. మందు తన నెత్తి మీదనే ఉంది.

మర్నాటి నుంచి గుడిసె ముందు నీలాకు పాత మంచం వేసింది. నీలా మూలిగింది.

"నల్లగైత యాడీ."

"కానీ. నల్లగైతే పెండ్లి కాదంటే నేను చేసుకుంట నిన్ను."

నీలా నవ్వింది. మోకాళ్ళ దాకా పరికిణీ ఎత్తి, తెల్లటి పిక్కలు ఎండకు పెట్టుకుని, ఎవరైనా అటు వస్తే గభాలున కప్పుకునేది.

కల్లంలో మధ్యాహ్నం గంటసేపు వడ్లను కుప్పలు చేసి గోనెపట్టాలు కప్పుతారు, గింజ లోపలి తడి బయటికి వచ్చేదాకా. ఆ గంట ఆడోళ్ళంతా గోదాం నీడకు చేరి జొన్నగటక తింటారు. సాలి చేరలేదు. కుప్పల మధ్య వేడి సిమెంటు మీద కూర్చుని, పొట్ట సూర్యుడి వైపు పెట్టుకుని, పట్టాలకు కాపలా ఉన్నట్టు కూర్చుంది. మొదటి రోజు ఎవరూ పట్టించుకోలేదు. మూడో రోజుకు చంద్రమ్మ కేకేసింది.

"ఏందే, నిన్ను సుత ఆరబోసిండ్రా? వచ్చి నీడకు కూసో."

"మంచిగుంది ఈడ."

"మంచిగుంటదా? శివరాత్రి దగ్గరికొచ్చింది, ఎండ పండ్లు పెట్టి కొరుకుతుంది. సుధాకర్ సారూ, జర ఈమెను పంటి కింద పెట్టి సూడు, ఆరిందో లేదో!"

సుధాకర్ నవ్వి, "ఆరింది, నూకయ్యేటట్టే ఉన్నది," అన్నాడు. సాలి అందరితో పాటు నవ్వింది. కానీ ఆ మాట ఆమె చెవిలో పడి అక్కడే ఉండిపోయింది.

రోజులు గడుస్తున్నకొద్దీ ఒకటి పెరుగుతూ, ఇంకొకటి తరుగుతూ వచ్చింది. రెండోవారానికి నీలా గుంజ పట్టుకుని ఒక్కసారికే లేచింది. ఇంకో రెండు రోజులకు బోరింగు దాకా నడిచింది, ఊగుడు తగ్గింది. సాలి చేతి గాజులు మాత్రం మోచేతి దాకా జారుతున్నాయి. మూడు ముద్దలకే అన్నం చాలనిపిస్తోంది. లారీల మీద కాకినాడ పోయి వచ్చిన మొగుడు మంగ్త్యా తిండి ముందు కూర్చుని ఆమె ముఖం కేసి చూశాడు.

"పానం మంచిగ లేదా?"

"బిడ్డ పరేషాన్. ఇగ తక్కువైతుంది గద, నేను సుత మంచిగైత."

అబద్ధం కాదు. ఆమె నిజంగానే అలా నమ్మింది. పొద్దున తుమ్మల మాటున కనిపించేది ఎక్కువైతే, రోగం బయటికి పోతోందని అనుకుంది. ఉడికిన వడ్లు ముందు ఆవిరి కక్కి తర్వాతే ఆరుతాయి కదా. తక్కువైతే ఎండ పనిచేస్తోందని అనుకుంది. బిడ్డ గురించి ఇంత చిన్న గుర్తు కనబడినా చావు దాకా ఆలోచించే మనిషి, తన గురించి వచ్చిన ప్రతి గుర్తునూ ఇలా మంచిగానే చదువుకుంది.

కోదాడకు పోయే ముందురోజు సాలి కల్లం నుంచి వచ్చేసరికి నీలా బోరింగు కాడ గొంతుక్కూర్చుని బట్టలు ఉతుకుతోంది. గొంతుక్కూర్చుంది! సాలి గుండె నిండిపోయింది. దగ్గరికి పోయాక చూసింది, బండ మీద ఉన్నది తన పేటియ. తను చుట్టి మంచం కింద దాచిపెట్టినది. బండ మీద నుంచి కారే నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రంగు పోతుంది యాడీ," అన్నది నీలా తలెత్తకుండా.

"పోతది. కొత్త గుడ్డ."

"నా చిన్నప్పటి సంది ఇదే కడుతున్నవు."

"కొత్తగ అతుకు ఏసిన, దాని రంగు."

నీలా పేటియను తిప్పి, అద్దాలున్న వైపు కాక, వెనక వైపు మరక మీద సబ్బు రుద్దింది. అతుకు ముందు వైపు ఉంది. రుద్ది, పిండి, మళ్ళీ రుద్దింది. తర్వాత ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, దేన్నీ ఆనుకోకుండా లేచి, పేటియను తీగ మీద ఆరేసింది. లేచేటప్పుడు తల్లి వైపు చూసింది. ఆ చూపు సాలికి కొత్త. ఎవరో పెద్దమనిషి చూసినట్టుంది.

కోదాడలో వాళ్ళ వంతు వచ్చేసరికి పదకొండైంది. డాక్టరమ్మ నీలా నడక చూసి సంతోషపడింది.

"చూశావా? నేను చెప్పలా? రా, ఎక్కు బల్ల మీదికి."

నీలా ఎక్కలేదు. తల్లి రెక్క పట్టుకుని బల్ల దాకా తెచ్చింది.

"నాకు మంచిగనే ఉన్నదమ్మా. మా యాడిని సూడుండ్రి. రక్తం పోతుంది. ఎన్ని దినాలైతుందో చెప్తలేదు."

"దీనికి పిచ్చి," సాలి చెయ్యి గుంజుకోబోయింది. గుంజుకోలేకపోయింది, పదిహేను రోజుల కింద పీట మీద నుంచి లేవలేని పిల్ల చెయ్యి అది. "నాకేం లేదమ్మా. ఉన్నా అదే పోతది. మీరు చెప్పినట్టే చేస్తున్న. దినాం మధ్యాహ్నం కడుపుకు ఎండ పెడుతున్న."

"కడుపుకి ఎండా? నేనెప్పుడు చెప్పాను?"

"మీరే అంటిరి గదమ్మా. ఎండకు పేగు పుండు తక్కువని. నేను రెండుసార్లు అడిగిన. తక్కువే అన్నరు."

డాక్టరమ్మకు మొదట అర్థం కాలేదు. "అవును, తక్కువ మందికి వస్తుందని..." అంటూ ఆగిపోయింది. బయట కూర్చున్న ఎవరో పక్కవాళ్ళను "జరం తక్కువైందా పిల్లగానికి?" అని పలకరిస్తున్నారు. ఆ మాట గదిలోకి స్పష్టంగా వినిపించింది. ఆరేళ్ళుగా ఈ ఊళ్ళో రోజుకు వంద సార్లు ఆ మాట వింటున్న డాక్టరమ్మ, ఇప్పుడే విన్నట్టు తలుపు వైపు చూసింది.

"తక్కువ అంటే తగ్గుతుందనుకున్నావా?" అన్నది నెమ్మదిగా.

సాలి బల్ల ఎక్కి పడుకుంది.

తెర వెనక చాలాసేపు పట్టింది. చేతులు కడుక్కోవడానికి డాక్టరమ్మ అంతకన్నా ఎక్కువసేపు తీసుకుంది. వచ్చి కుర్చీలో కాక, సాలి పక్కన బల్ల అంచు మీద కూర్చుంది.

"గడ్డ చేతికి తగులుతోంది. ఏ గడ్డో ముక్క తీసి చూస్తేనే తెలుస్తుంది. ఇక్కడయ్యే పని కాదు. హైదరాబాద్ పెద్ద దవాఖానకి కాగితం రాసిస్తాను. రేపే వెళ్ళాలి. ఎల్లుండి కూడా కాదు."

"ఎండ?"

"రాకుండా ఉండటానికి ఏమన్నా సాయపడుతుందేమోనని వాళ్ళ మాట. అదీ ఇంకా రుజువు కాలేదు. వచ్చినదాన్ని ఎండ తగ్గించదమ్మా." మళ్ళీ తనే, "ఆ రోజు నీకేం లేదుగా అని అడిగాను," అన్నది. "సరిగ్గా అడగలేదు."

"మంచిగనే అడిగినవు తల్లీ," అన్నది సాలి. "నేనే చెప్పలె."

కాగితం నీలా తీసుకుంది. మడిచి రవికెలో పెట్టుకుంది. బస్టాండులో రేకుల నీడ కింద ఒక మూల ఖాళీ ఉంటే తల్లిని అక్కడ కూర్చోబెట్టింది. సాలి అలవాటు కొద్దీ లేచి ఎండ వైపు రెండడుగులు వేసింది. మిట్టమధ్యాహ్నం. నీలా భుజం పట్టి ఆపింది.

"యాడీ. నీడకు కూసో."

సాలి కూర్చుంది. సిమెంటు గట్టు చల్లగా ఉంది. పదిహేను రోజులైంది ఈ వేళ ఇలా నీడలో కూర్చుని. అద్దాల పేటియను కాళ్ళ మీద సర్దుకుంటే, ఉతికిన చోట ఎరుపు కొంచెం వెలిసి కనిపించింది. దాని మీద అరచెయ్యి పెట్టి కప్పింది.

బస్సు వస్తోందేమో చూడటానికి నీలా రోడ్డు మధ్య దాకా పోయింది. నెత్తి మీద కొంగు లేదు, ముఖం మీద ఎండ సూటిగా పడుతోంది. కళ్ళు చిట్లించి, నడుము నిటారుగా పెట్టి నిలబడింది. చూసీ చూడగానే సాలి నోట్లోకి పాత మాట వచ్చేసింది, ఎండల నిలబడకు బిడ్డా, అని. పెదవి దాకా వచ్చిన దాన్ని ఆపుకుంది.

నిలబడనీ అనుకుంది. ఇంకొంచెం సేపు నిలబడనీ.